సొరుగుల పెట్టె వేట: పెదగంట్యాడ షెడ్డు డైరీ

జూన్, మొదటి వారం

వానలు గట్టిగా పట్టుకునేలోపు షెడ్డులోని పనిముట్లన్నీ ఒకే సొరుగుల పెట్టెలోకి చేరాలి. ఇదీ లక్ష్యం. బడ్జెట్ ముప్పై వేలు, అంతకు మించితే ఇంట్లో సమాధానం చెప్పుకోవాలి.

షెడ్డంటే గొప్పదేం కాదు. ఇంటి పక్కన రేకుల కింద పది బై పన్నెండు జాగా. ఒక గోడకి బల్ల, బల్ల మీద వైస్, ఎదురుగా బండి నిలబెట్టుకునే చోటు. సొంత బండి సర్వీసింగు, వీధిలోవాళ్ల స్కూటర్ల చిల్లర రిపేర్లు, నల్లాల పని, అప్పుడప్పుడూ కొంచెం వడ్రంగం. ఇన్నేళ్లుగా సామానంతా ఒక ఎర్ర ఐదు ట్రేల పెట్టెలోనూ, పెయింటు డబ్బాల్లోనూ, రెండు గోనె సంచుల్లోనూ ఉంటోంది. ఐదు ట్రేల పెట్టె తెలియని మెకానిక్కు ఉండడు. పిడి విప్పితే ట్రేలు రెండు పక్కలకీ మెట్లలా తెరుచుకుంటాయి. చేతిలో పట్టుకుని బయటి పనికి వెళ్లడానికి దాన్ని మించింది లేదు. అయితే తెరిస్తే బల్లంతా ఆక్రమిస్తుంది, పైగా అడుగు అరలో ఏది కావాలన్నా దాని మీదున్న నాలుగు తియ్యాలి.

కొనే ముందు కొలతలు. టార్పాలిన్ పరిచి ఉన్నదంతా కుమ్మరించాను. రకాన్ని బట్టి కాకుండా ఎత్తుని బట్టి వేరు చేశాను. పడుకోబెట్టినప్పుడు నేల నుంచి ఎంత లేస్తుందన్నదే లెక్క. పానాలు, రింగ్ స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, ప్లయర్లు, ఆకురాళ్లు, ఉలులు, సాకెట్లు, రాచెట్ హ్యాండిలు, సుత్తులు కూడా దాదాపు అన్నీ 45 మిల్లీమీటర్ల లోపే. నాలుగంగుళాల గ్రైండర్ గార్డుతో కలిపి వంద దాటింది. డ్రిల్లు, బరమా, గ్రీజు గన్ను లాంటి నాలుగైదే పొడవాటివి.

అంటే నాకు కావలసింది లోతు తక్కువ సొరుగులు ఎక్కువున్న పెట్టె. బజార్లో పెట్టెలకి కింద సగం తలుపు, పైన రెండో మూడో సొరుగులు ఉంటాయి. తలుపు వెనక పెద్ద ఖాళీ చూసి చాలా పడుతుందనుకుంటాం. ఆ ఖాళీలో సామాను ఒకదాని మీద ఒకటి పేరుకుని మళ్లీ గోనె సంచి వ్యవహారమే అవుతుంది.

తర్వాత తూకం. ప్రయాణాలకి సూట్‌కేసు తగిలించి తూచే చిన్న ఎలక్ట్రానిక్ కొక్కెం ఉంది కదా, దానికి సంచి తగిలించి గుంపులు గుంపులుగా తూచాను. మొత్తం దగ్గరదగ్గర 96 కిలోలు. మా ఆవిడ చూసి, "ఇనప సామాన్లవాడికి వేస్తున్నారా, మంచి పని" అంది. 96 కిలోలు ఆరు సొరుగుల్లో సర్దితే సొరుగుకి సగటున 16. కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. ఇకనుంచి ఏ షాపుకి వెళ్లినా ఈ అంకె పట్టుకునే మాట్లాడతాను.

అదే వారం, రాత్రి

మిచిగన్‌లో ఉన్న బావకి వీడియో కాల్. వాళ్ల గరాజులో 44 అంగుళాల వెడల్పు పెట్టె, అక్కడి పనిముట్ల షాపు హార్బర్ ఫ్రైట్ వాళ్ల సొంత బ్రాండు యూఎస్ జనరల్‌ది. సొరుగులు ఒక్కొక్కటీ లాగి చూపించాడు. అసూయ పడ్డానని రాసుకోవడానికి సిగ్గేం లేదు. "స్నాప్‌ఆన్ వాళ్లవి చూశావా" అని వెబ్‌సైట్ తెరిచాడు. వాటిలో పెద్దవాటి ధరకి ఇక్కడ చిన్న కారు వస్తుంది. 1920లో మిల్వాకీలో ఐదు హ్యాండిళ్లకి మార్చి మార్చి తగిలించుకునే సాకెట్లతో మొదలైన కంపెనీ అది. సామాను తగ్గించే ఆలోచనతో పుట్టిన వాళ్లే ఇప్పుడు గది పట్టనంత పెట్టెలు అమ్ముతున్నారని బావతో అంటే, "నీకెందుకు బావా, నువ్వు కొనేవాడివా" అన్నాడు. అదీ నిజమే.

ఒక పనికొచ్చే మాట మాత్రం చెప్పాడు. అక్కడి గరాజు నేలలు నున్నటి కాంక్రీటు, చక్రాలు చిన్నవైనా దొర్లిపోతాయి. మా షెడ్డు నేల గళ్ల పార్కింగ్ టైల్సు, పైగా కడిగిన నీళ్లు గేటు వైపు పోవాలని వాలు పెట్టించాం. మూడంగుళాల చక్రం ఆ గాడుల్లో టకటకా కొట్టుకుంటూ పోతుంది. లోపలున్న సాకెట్లన్నీ ఎగిరి కలిసిపోతాయి. చక్రాల సంగతి విడిగా ఆలోచించాలని రాసుకున్నాను.

జూన్, రెండో వారం

వైజాగ్ పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ షాపులు, ఇంకా గాజువాకలో రెండు. చూసినవాటిలో ఏ ఇద్దరూ రేకు మందం ఒకేలా చెప్పలేదు. ఒకాయన 'హెవీ గేజి' అంటాడు, ఇంకొకాయన 'ఇరవై గేజి' అంటాడు. గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పలచన. 18 గేజి అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 అంటే 0.9 అటూ ఇటూ, 22 అంటే 0.7 దగ్గర. గేజి లెక్కలు రకరకాలుగా ఉన్నాయి కాబట్టి మిల్లీమీటర్లలోనే అడగాలి. అడిగి ఊరుకోకూడదు. వెర్నియర్ జేబులో పెట్టుకెళ్లి సొరుగు పక్క అంచు కొలిచాను. పౌడర్ కోటింగు, అంటే పొడి చల్లి కాల్చే పెయింటు, మామూలుగా పక్కకి 60 నుంచి 80 మైక్రాన్లు ఉంటుంది, రెండు పక్కలా కలిపి 0.12 నుంచి 0.16 తీసెయ్యాలి. ఒక మిల్లీమీటరు చూపిస్తే లోపలున్న రేకు 0.85 అన్నమాట.

కొలవనివ్వని చోట ఇంకో దారుంది. పెట్టె ఖాళీ బరువు అడగడం. ఉక్కు రేకు చదరపు మీటరుకి, ఒక మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు తూగుతుంది. నేను చూస్తున్న సైజు 27 అంగుళాల వెడల్పు, 18 లోతు, చక్రాలు కాక 30 ఎత్తు. దాని పక్కలు, వెనక, పైన, కింద కలిపితే 1.85 చదరపు మీటర్లు. 1.2 రేకైతే ఈ గూడు ఒక్కటే 17 కిలోలు పైన, 0.8 రేకైతే 12 లోపు. దానికి సొరుగులు, అవి జారే పట్టాలు, అంటే చానెళ్లు, కలుపుకోవాలి. ఆరు సొరుగులున్న ఈ సైజు పెట్టె మొత్తం ముప్పై కిలోలే అంటే ఎక్కడో బాగా కోత పెట్టారని అర్థం. అట్టపెట్టె మీద బరువు అచ్చేసి ఉంటుంది, ఎవర్నీ అడగక్కర్లేదు కూడా.

ఇక అసలు పరీక్ష సొరుగులకి. ఒక షాపులో మూల ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ కనిపించింది. నిండు క్యాన్, అంటే ఇరవై కిలోలు. "ఒకసారి ఇందులో పెట్టి చూడనా" అంటే కుర్రాడు ఓనర్ వైపు చూశాడు. ఓనర్ తల ఊపాడు. మొదటి పెట్టె సొరుగు పూర్తిగా లాగి మధ్యలో క్యాన్ నిలబెట్టాను. ముందు అంచు వేలెడు కిందికి దిగి నాలుక బయటపెట్టినట్టు వేలాడింది. క్యాన్ తీసేశాక కూడా పూర్తిగా పైకి రాలేదు. రెండో పెట్టెకి అదే చేస్తే రెండు మూడు మిల్లీమీటర్లు దిగింది, తీయగానే మళ్లీ చోటికి వచ్చేసింది. రెండింటి రంగూ ఒకటే, ధరలో తేడా నాలుగు వేలు.

తర్వాత ఆ ఇరవై కిలోలతోనే సొరుగు కుడి మూల ఒక్కచోటే వేలుపెట్టి తోశాను. మొదటిది సగంలో అడ్డంగా బిగుసుకుంది. రెండోది లోపలికి వెళ్లి చివర్లో చిన్న పట్టుతో ఆగింది. ఆ పట్టు ముఖ్యం. చక్రాల మీద తోసే పెట్టెలో అది లేకపోతే సొరుగులు దారిలోనే బయటికొస్తాయి.

చానెళ్ల గురించి ఇంకొంచెం. వంటింటి అలమారలకి వడ్రంగులు బిగించే 45 మిల్లీమీటర్ల టెలిస్కోపిక్ చానెలే చాలా పెట్టెల్లో ఉంటుంది. దాని మీద రాసే కిలోలు జతకి. ఆ అంకె ఒక నిర్దిష్టమైన పొడవుకి ఇచ్చింది. సొరుగు వెడల్పు పెరిగేకొద్దీ అంత మొయ్యదు. మంచి పెట్టెల్లో అడుగు సొరుగుకి రెండు జతల చానెళ్లు వేస్తారు. ఇంకా పూర్తిగా బయటికి రావాలి. ముప్పావు వంతే వచ్చే సొరుగులో వెనకున్న నాలుగంగుళాలు చీకటి, అక్కడ పడ్డ అలెన్ కీ ఇక దొరకదు. సాఫ్ట్ క్లోజ్ చానెల్ వేసిన పెట్టె కూడా ఒకటి చూపించారు. వంటింట్లో బాగుంటుంది. బరువు మీద పడితే అందులోని ప్లాస్టిక్ ముక్కలే ముందు పోతాయి.

ప్లాస్టిక్ పెట్టెలు, ఒకదాని మీద ఒకటి క్లిప్పులతో బిగించుకునేవి కూడా కనిపించాయి. రోజుకో సైటుకి తిరిగే ఎలక్ట్రీషియన్లకి అవి. నాకు కావు.

ఆ వారం చివర

గురువుగారితో మాట్లాడాను. ఆయన మా వీధి చివరుంటారు, షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. 1941లో సింధియా కంపెనీ మొదలుపెట్టిన యార్డది. హిందుస్థాన్ షిప్‌యార్డు అయి దశాబ్దాలు గడిచినా ఇప్పటికీ ఆ పక్కంతా సింధియా అనే పిలుస్తారు. ఆయన దగ్గర టేకు చెక్క పెట్టె ఒకటుంది, చిన్న చిన్న సొరుగులతో, లోపల పచ్చ గుడ్డ అతికించి. అమెరికాలో డేటన్‌లోని గెర్స్ట్‌నర్ వాళ్లు 1906 నుంచి ఓక్ చెక్కతో చేస్తున్న మెషినిస్టు పెట్టెల బాణీయే. మైక్రోమీటర్లు, డయల్ గేజీలు అందులో పెడతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. గుడ్డ మాత్రం తేమ పీల్చుకుంటుందని ఆయనే చెప్పారు. అందుకే ప్రతి పనిముట్టునీ నూనె గుడ్డతో తుడిచి మరీ పెడతారు. మూల ఒక కర్పూరం బిళ్ల కూడా.

నా ఆలోచన ఆయన ముందు పెట్టాను. రెడీమేడ్ ఎందుకు, ఆటోనగర్‌లో మంచి రేకుతో మనకి కావలసిన కొలతల్లో చేయించుకుంటే పోలేదా అని.

"బీరువా ఎవడైనా చేస్తాడు బాబూ, సొరుగు చెయ్యడమే పని" అన్నారు.

"కొలతలు ఇస్తాం కదా గురువుగారూ."

"కొలత కాదు. వెల్డింగు పెడితే రేకు లాగుతుంది. పైన ఒకలాగ, అడుగున ఒకలాగ అవుతుంది. చానెల్ ఒప్పుకోదు. సరే, వెళ్లి చూసిరా."

జూన్, మూడో వారం

గాజువాక ఆటోనగర్. బీరువాలు, లాకర్లు, కరెంటు ప్యానెల్ బోర్డులు చేసే షెడ్డులో కూర్చున్నాను. మేస్త్రీ బాగా మాట్లాడాడు. సీఆర్‌సీఏ (చల్లగా ఒత్తి, తర్వాత కాల్చి మెత్తబరిచిన) రేకు 1.2 వేస్తానన్నాడు, బేరం కూడా నా బడ్జెట్‌లోనే. అతను చేసి పక్కన పెట్టిన, సొరుగులున్న ఆఫీసు టేబులు ఒకటి కొలవనిచ్చాడు.

గురువుగారి మాట ఎందుకన్నారో అక్కడ తెలిసింది. 45 చానెల్‌కి పక్కకి అరంగుళం చొప్పున, రెండు వైపులా కలిపి అంగుళం ఖాళీ కావాలి. గూడు లోపలి వెడల్పు ముందూ వెనకా, పైనా కిందా అంతటా ఒకటే ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగితే చానెల్ సాగదీసినట్టై లోపలున్న ఇనప గోళీల మీద బరువు పడుతుంది, తగ్గితే సొరుగు బిగుసుకుంటుంది. ఆ టేబులు సొరుగు నోటి దగ్గర లోపలి వెడల్పు ఒక లెక్క, వెనక మూడు మిల్లీమీటర్లు తక్కువ. కాగితాలు పెట్టుకునే టేబులుకి అదేం పెద్ద విషయం కాదు. ఇరవై కిలోల పానాలు పెట్టే చోట, రోజుకి పాతికసార్లు లాగే చోట ఆ మూడు మిల్లీమీటర్లే పెట్టెని చంపేస్తాయి. ఫ్యాక్టరీలో రేకుని అచ్చులో ఒత్తి, మడిచి, చుక్కల వెల్డింగుతో అతికిస్తారు. వేడి తక్కువ, ప్రతి పెట్టే ఒకే జిగ్గులో, అంటే ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచే చట్రంలో, తయారవుతుంది. అదీ అసలు తేడా.

ఇంకొకటి. పౌడర్ కోటింగు వెయ్యకముందు రేకుని జిడ్డు పోయేలా కడిగి, తుప్పు తీసి, ఫాస్ఫేటు పట్టించాలి. సెవెన్ ట్యాంక్ అంటారు. మాది సముద్రం గాలి. ఈ కడుగుడు సరిగ్గా జరగకపోతే గీత పడ్డ చోట మొదలైన తుప్పు పెయింటు కిందే పాక్కుంటూ పోతుంది. మేస్త్రీని అడిగితే, "గుడ్డతో తుడిచి పంపిస్తాం సార్, వాళ్లు కొట్టేస్తారు" అన్నాడు. నిజం చెప్పినందుకు మెచ్చుకోవాలి.

ఇంటికొస్తూ బండి మీదే తేలిపోయింది. సొరుగుల పెట్టె ఫ్యాక్టరీది, కింద చక్రాల ఫ్రేము ఆటోనగర్‌ది. ఎవరికి ఏది చేతనవునో అదే వాళ్ల దగ్గర తీసుకోవడం.

జూన్ చివర

పెట్టె కొన్నాను. వాటర్ క్యాన్ పరీక్ష నెగ్గినదే. పైన మూడు సొరుగులు మూడంగుళాలవి, తర్వాత నాలుగు, ఆరు, అడుగున ఎనిమిది. పైవి రెండంగుళాలైతే ఇంకా నచ్చేది, ఆ సైజులో ఎవరి దగ్గరా లేవు. ధర బడ్జెట్‌లో మూడింట రెండు వంతులు మింగింది.

డబ్బు కట్టేముందు చివరిగా చూసినవి: సొరుగులన్నీ తీయించి, మొబైల్ టార్చి వేసి లోపలి మూలలు. కోటింగు పొడి కరెంటు ఆకర్షణతో అతుక్కుంటుంది కాబట్టి లోతైన మూలల్లోకి సరిగ్గా వెళ్లదు, అక్కడే పలచబడుతుంది. వెనక కింది మూల ఒకటి బూడిదరంగులో కనిపించింది. డిస్‌ప్లేలో ఉన్నది వదిలేసి గోడౌన్‌లోంచి ఇంకొకటి తెప్పించుకున్నాను. దానికి నాలుగు మూలలూ నిండుగానే ఉన్నాయి. తాళం మీద అచ్చైన నంబరు ఫొటో తీసి పెట్టుకున్నాను, చెవులు పోతే ఆ నంబరుతోనే కొత్తవి అడగాలి.

ట్రాలీ ఆటోలో ఇంటికి. ఎత్తడానికి సొరుగులన్నీ తీసేశాం. చానెల్ మధ్యలో నల్లటి చిన్న నాలిక ఉంటుంది, ఒక పక్కది పైకి ఎత్తి, రెండో పక్కది కిందికి నొక్కి, రెండూ ఒకేసారి పట్టుకుని ముందుకి లాగితే సొరుగు చేతికొస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు జాగ్రత్త. గోళీలున్న మధ్య పట్టీని పూర్తిగా ముందుకి లాక్కుని, అప్పుడు సొరుగు పట్టాల్ని అందులోకి తిన్నగా ఎక్కించాలి. అది వెనకుండగా బలవంతంగా తోస్తే గోళీలు నేల మీద దొర్లుతాయి, ఆ చానెల్ ఇక మార్చుకోవాల్సిందే. ఎత్తించడానికి వచ్చిన కుర్రాడికి ఇది చూపించేసరికి, "ఇదేదో మా వంటింట్లో కూడా పనికొస్తుంది అన్నా" అన్నాడు.

జూలై, మొదటి వారం

చక్రాల ఫ్రేము. ఈ ప్రాజెక్టులో నాకు బాగా ఇష్టమైన భాగం.

పెట్టెతో వచ్చిన చక్రాలు నాలుగంగుళాల గట్టి ప్లాస్టిక్‌వి, పెట్టె అంచుకి లోపలగా బిగించి ఉన్నాయి. రెండు ఇబ్బందులు. ఒకటి మా గళ్ల టైల్సు. రెండోది పెట్టె ముందుకి పడిపోవడం. కొన్ని ఖరీదైన పెట్టెల్లో ఒక సొరుగు తెరిస్తే మిగతావి బిగుసుకునే ఏర్పాటు ఉంటుంది. దీనికి లేదు. కాగితం మీద లెక్క వేశాను.

సొరుగు, చానెల్, సామాను కలిపి ఒక్కొక్కటి 21 కిలోలనుకుందాం. గూడు, ఫ్రేము కలిపి 40. మూసి ఉన్నప్పుడు బరువంతా ముందు చక్రాల గీతకి వెనక 18 సెంటీమీటర్ల దగ్గరుంది. పూర్తిగా లాగిన సొరుగు బరువు ఆ గీతకి ముందు 24 సెంటీమీటర్ల దగ్గరికి వస్తుంది. మూడు సొరుగులు తెరిస్తే ముందుకి లాగేది 63 గుణించు 24, అంటే 1,512. వెనక పట్టి ఉంచేది 103 గుణించు 18, అంటే 1,854. నిలబడుతుంది. నాలుగోది కూడా లాగితే 2,016కి ఎదురు 1,476. పెట్టె మన కాళ్ల మీద. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ లెక్క ఒక్కసారైనా వేసుకోవాలి, సొరుగులు మెట్లనుకుని ఎక్కేస్తారు.

ముందు చక్రాలు ఐదు సెంటీమీటర్లు బయటికి జరిపితే ఆ 18 కాస్తా 23, ఆ 24 కాస్తా 19 అవుతాయి. అప్పుడు నాలుగు తెరిచినా ఆగుతుంది. ఐదోదానికి పడుతుంది. అయిదు సొరుగులు ఒకేసారి తెరిచే అవసరం నాకైతే లేదు.

ఆటోనగర్ మేస్త్రీ దగ్గరికే వెళ్లాను. 40 బై 40 బై 5 మిల్లీమీటర్ల యాంగిల్‌తో (ఎల్ ఆకారం ఇనప పట్టీ) చట్రం, ముందుకి ఐదు సెంటీమీటర్లు ఎక్కువ. వెల్డింగు పూర్తిగా కొట్టకముందు మూలలకి చుక్కలు పెట్టించి, టేపుతో రెండు కర్ణాలూ కొలిచాం. నాలుగు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. సుత్తితో ఒక మూల తట్టి సమం చేసి అప్పుడు వెల్డింగు పూర్తి చేశాడు. చక్రాలు వెల్డింగు వద్దన్నాను, బోల్టులే. పోతే విప్పి మార్చుకోవచ్చు.

చక్రాలు ఐదంగుళాల పీయూ (పాలీయురెథేన్)వి, ఒక్కొక్కటి వంద కిలోలు మోసేవి. మొత్తం బరువు ఇప్పుడు 166. సామాను ఎలాగూ పెరుగుతుంది కాబట్టి 200 వేసుకున్నాను. నాలుగుతో భాగిస్తే యాభయ్యే. వంకర నేల మీద ఎప్పుడూ మూడు చక్రాలే ఆనతాయి, అందుకని మూడుతో భాగించాలి. 67. వంద కిలోలది తీసుకుంటే దిగులుండదు. ఎడమ వైపు రెండూ తిన్నగా పోయేవి, కుడి వైపు రెండూ తిరిగేవి, బ్రేకుతో. తోసే పిడి కుడి పక్కే ఉంది.

చట్రం చూసి గురువుగారు ఒక మాట అన్నారు. తిరిగే చక్రం వెనక్కి తిరిగి ఆగితే నేలకి ఆనే చోటు మూడు నాలుగు సెంటీమీటర్లు లోపలికి జరుగుతుంది. మనం కష్టపడి సంపాదించిన ఐదులో అంత పోయినట్టే. దానికి మందు కూడా ఆయనే చెప్పారు. ముందు రెండు మూలల్లో చట్రానికి ఎం12 (12 మిల్లీమీటర్ల) నట్టు వెల్డింగు చేయించి, అందులోంచి పొడవాటి బోల్టు కిందికి దింపడం. పెట్టె చోటికి చేరాక బోల్టు తిప్పితే అడుగు నేలకి ఆనుతుంది, చక్రం ఎలా తిరిగి ఉన్నా పర్లేదు. మా వాలు నేల మీద మట్టం చూసుకోవడానికీ అదే. మట్టం లేకపోతే సొరుగులు వాటంతటవే తెరుచుకుంటాయి.

రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, పైన నల్ల ఎనామెల్. ముందుకి పొడుచుకొచ్చిన అంచుకి పసుపు రంగు గీత, బొటనవేలికి తగలకుండా.

జూలై, రెండో వారం

పెట్టెని ఫ్రేము మీద కూర్చోబెట్టి పాత చక్రాల రంధ్రాల్లోంచే బోల్టులు బిగించాను. స్పిరిట్ లెవెల్ పెట్టి ముందు బోల్టులు తిప్పాను. సామానంతా సర్దాక నాలుగు సొరుగులు తెరిచి, పక్కన నిలబడి చూశాను. కదల్లేదు. ఐదోది లాగి చూసే సరదా పెట్టుకోలేదు.

సర్దుడు ఇలా ఉంది. పై సొరుగులో వెర్నియర్, ఫీలర్ గేజీలు, మల్టీమీటరు, టార్క్ రెంచి. టార్క్ రెంచిని పని అయ్యాక అడుగు అంకెకి తిప్పి పెట్టాలి, లోపలి స్ప్రింగు బిగిసి ఉండిపోతే రీడింగు మారిపోతుంది. రెండో సొరుగు పానాలు, రింగులు. మూడోది సాకెట్లు, రాచెట్లు. సాకెట్ల సెట్టుతో వచ్చిన ఇనప డబ్బా తీసేశాను, చోటు తినేస్తోంది. ఒక పలకకి చీలలు కొట్టి వరసగా నిలబెట్టాను. నాలుగోది సుత్తులు, ప్లయర్లు, ఆకురాళ్లు. ఆకురాళ్ల మధ్య అట్ట ముక్కలు పెట్టాను, ఒకదానికొకటి రాసుకుంటే పళ్లు పోతాయి. ఆరంగుళాలది గ్రైండర్, డిస్కులు. అడుగున డ్రిల్లు, గ్రీజు గన్ను, పైపు రెంచీలు.

సొరుగుల్లోకి మ్యాటు కావాలి. పెట్టెతో వచ్చిన పలచటి నల్ల రబ్బరు వాసనొస్తోంది, ఇలాంటివి కొన్నాళ్లకి జిగటపడతాయి కూడా. పిల్లల గదుల్లో నేల మీద పరిచే రంగురంగుల జిగ్‌సా మ్యాట్లున్నాయి కదా, అవి ఈవీఏ ఫోమే. నీళ్లు పీల్చవు, నూనెకి తట్టుకుంటాయి, కట్టరుతో తేలిగ్గా తెగుతాయి. మా అమ్మాయి వదిలేసిన మ్యాట్లు అటక మీద కట్టగట్టి ఉంటే దించాను. ఇప్పుడు పానాల సొరుగు నారింజ రంగులో, సాకెట్లది ఆకుపచ్చలో ఉంది. పానా ఒకటి తీస్తే కింద రంగు కనిపిస్తుంది, ఏది తిరిగి రాలేదో వెంటనే తెలుస్తోంది. ఎదురింటి కుర్రాడు అరువు తీసుకెళ్లిన 14-15 రింగు అలాగే దొరికింది.

జూలై చివర, వానలు

మూడు రోజుల ముసురు. అసలు పరీక్ష ఇప్పుడు.

తలుపులు మూసిన షెడ్డులో గోడలే చెమ్మగిల్లాయి. బల్ల మీద వదిలేసిన హాక్సా బ్లేడు రెండో రోజుకే ఎర్రబడింది. పెట్టెలోవి బాగున్నాయి. ప్రతి సొరుగులో వీసీఐ కాగితం ముక్క పెట్టాను. బేరింగులు చుట్టి వచ్చే గోధుమరంగు కాగితం లాంటిదే. దాన్నుంచి వచ్చే ఆవిరి ఇనుము మీద పలచటి పొరలా పట్టి తుప్పు రానివ్వదు. మూసిన చోటే పనిచేస్తుంది, సొరుగులు తెరిచి పెడితే దండగ. సిలికా జెల్ సంచులు పై సొరుగులో మాత్రమే, రంగు మారితే ఎండలో కాదు, పెనం మీద సన్నటి సెగన వేడిచేసి మళ్లీ పెట్టాలి. మా ఆవిడ పాత పెనం ఒకటి వదులుకుంది. గురువుగారి కోసం ఒక మూల కర్పూరం కూడా పెట్టాను.

చానెళ్లకి మాత్రం ఈ గాలి పడుతున్నట్టు లేదు. జింకు పూత మీద అక్కడక్కడా తెల్లటి పొడి కనిపించింది, అది జింకు తుప్పు. కుట్టుమిషను నూనె గుడ్డకి రాసి అన్ని చానెళ్లూ తుడిచాను. గ్రీజు పెట్టలేదు, దుమ్ము పట్టి గోళీలు అరిగిపోతాయి.

ఇంకా మిగిలినవి: హ్యామర్ డ్రిల్లు దాని సొంత పెట్టెతో కలిపి ఏ సొరుగులోనూ పట్టలేదు, బల్ల కింద చెక్క అర కొట్టాలి. పెట్టె కుడి పక్కన ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కొక్కెం. రేకుకి బెజ్జం పెడితే కోటింగు తెగుతుంది కాబట్టి మాగ్నెట్ కొక్కేలు చూస్తున్నాను. ఎర్ర ఐదు ట్రేల పెట్టెని వీధి పనుల కోసం అలాగే ఉంచాను, అందులో ఇప్పుడు ఒక సెట్టు పానాలు, స్క్రూడ్రైవర్లు, టెఫ్లాన్ టేపు, టెస్టరు మాత్రమే. ఖర్చు ఫ్రేము, చక్రాలు, కాగితం అన్నీ కలిపి ముప్పై వేలకి పన్నెండు వందలు తక్కువ. దసరాకి సొరుగులన్నీ తీసి చానెళ్లు మళ్లీ తుడిచి, లోపలి మూలలు టార్చి వేసి చూడాలి.